లూషా ఆదివారాలు

మా కెర్స్ లాండింగ్‌లో చలికాలం ఆదివారం పూట ఎవరైనా వీధిలో కనబడితే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. కాళ్ళూ చేతులూ సరిగా ఉన్నవాళ్ళంతా అప్పటికే స్కీలు కారు మీద కట్టుకుని కనుమ దారి పట్టి ఉంటారు. తీగ కుర్చీలు పైకి మోసుకెళ్ళే కొండలు మాకు దగ్గర్లో లేవు. స్కీల అడుగున నూగు పట్టీలు అంటించుకుని, పొద్దున్నంతా కాళ్ళ బలంతో ఎక్కుతాం. పైన ఆ పట్టీలు ఊడదీసి, జారుతూ కిందికి వచ్చి, పొద్దుగూకేలోపు ఇల్లు చేరతాం. మాకు ప్రార్థనా అదే, సినిమా అదే, పెళ్ళిచూపులూ అక్కడే.

లూషాకి, రోల్ఫ్‌కి కుదిరింది కూడా అలాగే. కాకపోతే కొండ ఎక్కడానికి వెళ్ళినవాడు రోల్ఫ్ హాల్వర్‌సన్ ఒక్కడే. లూషా ఆ రోజు వేరే పని మీద వెళ్తూ, కనుమ దగ్గర బండి ఆపుకుని టైరుకి గొలుసులు కట్టలేక తిప్పలు పడుతోంది. అతను దిగి గొలుసులు కట్టాడు. ఆమె అతనికి సంచిలోంచి బంగాళాదుంప కూరి కాల్చిన పిరాహీలు తీసి ఇచ్చింది. మరుసటి వేసవిలో పెళ్ళయింది.

లూషా పుట్టింటివాళ్ళు చెర్నెంకోఫ్‌లు. నది అవతలి లోయలో ఉండే దుఖొబోర్లు, తాతల కాలంలో మతం కోసం రష్యా వదిలి కెనడాకి వచ్చినవాళ్ళు. మాంసం ముట్టరు, తుపాకి పట్టరు, నలుగురు కూడితే పాట ఎత్తుకుంటారు. వాళ్ళకి కొండ అంటే కట్టెలకీ పుట్టగొడుగులకీ వెళ్ళే చోటు. లూషా నాయనమ్మని అందరూ బాబా అనేవాళ్ళు, వాళ్ళ భాషలో అవ్వ అని. ఆవిడ రోల్ఫ్‌ని మొదటిసారి చూసినప్పుడే అడిగింది.

"పైన ఏముంది బాబూ?"

"ఏం లేదు బాబా. మంచు."

"మంచు ఇక్కడా ఉందిగా. పార ఇస్తాను, వాకిలి ఎత్తిపెట్టు."

రోల్ఫ్ నిజంగానే పార తీసుకుని వాకిలంతా ఎత్తిపెట్టాడట. అలాంటి మనిషి. సరస్సు దాటించే ఫెర్రీ మీద పని చేస్తాడు. పొడుగ్గా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు, ఎవరి కారు మంచులో దిగబడినా మొదట వచ్చేది అతనే. చెడ్డవాడైతే లూషాకి పని సులువయ్యేది.

నేను లూషాతో కలిసి మా వృద్ధాశ్రమం వంటింట్లో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. సోమవారం ఆమె పాడుకుంటూ వచ్చేది. పెద్ద గిన్నెలో పిండి కలుపుతూ, మధ్యలో నా నడుం మీద ఒకటి చరిచి, "ఇవాళ బతికే ఉన్నాం" అనేది. నేను అది వాళ్ళ భాషలో పలకరింపేమో అనుకున్నాను. గురువారం వచ్చేసరికి మాట తగ్గేది. శుక్రవారం కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. శనివారం కడుపు బాగాలేదని పొడి రొట్టె తినేది. నడుం నొప్పో, కడుపులో పుండో అని నేను లెక్కేసుకున్నాను. అడిగితే నవ్వి, "రేపు ఆదివారం కదా" అనేది. ఆ మాటకి ఊరంతా చెప్పుకునే అర్థమే నేనూ తీసుకున్నాను.

పెళ్ళయిన మొదటి చలికాలం లూషా కడుపుతో ఉంది. రోల్ఫ్ ఒక్కడే స్నేహితులతో వెళ్ళేవాడు. ఒక ఆదివారం చీకటి పడింది, అతను రాలేదు. లూషా కిటికీ దగ్గర నిలబడింది. ఊపిరికి అద్దం మసకబారితే చేత్తో తుడవడం, మళ్ళీ నిలబడటం. ఎవరికి ఫోను చేసినా, "వస్తారులే" అన్నారు. చివరికి అతను నవ్వుతూనే వచ్చాడు. కారు గుంటలో పడిందట. అతని బూట్లు విప్పుతూ లూషా అనుకుంది: ఇంకోసారి ఇలా నిలబడటం నా వల్ల కాదు. అతనేమైనా అయితే నా కళ్ళముందే అవనీ.

పాప ఇంగా పాలు మానాక, దాన్ని అత్తగారి దగ్గర వదిలి, లూషా స్కీలు కొనుక్కుంది. రోల్ఫ్ ఆనందం చూడాలి. తన భార్య తనతో కొండకి వస్తోందని ఫెర్రీ ఎక్కిన ప్రతివాడికీ చెప్పాడు.

అప్పట్నుంచీ పద్దెనిమిదేళ్ళు, దాదాపు ప్రతి ఆదివారం. ఎక్కేటప్పుడు ఆమె కళ్ళు అతని మడమల మీదే ఉండేవి. పక్కకి చూస్తే వాలు కనబడేది. వాలు కనబడితే అది విరిగి వస్తున్నట్టే ఉండేది. పైకి చేరాక అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఆమె సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకునేది. ప్రతి శనివారం, ఇక నేను రానని చెప్పేద్దామనుకునేది. రోల్ఫ్ అప్పటికే ఆమె నూగు పట్టీలు పొయ్యి దగ్గర వెచ్చబెడుతుండేవాడు. ఆమెకిష్టమని పుల్ల దోసకాయతో రొట్టెలు కడుతుండేవాడు. ఆ వీపు చూస్తూ చెప్పలేకపోయేది. మింగలేక కక్కలేక పడుకునేది. ఊళ్ళో వాళ్ళేమో, "ఆ మొగుడూపెళ్ళాల్ని చూసి నేర్చుకోండి" అని కొత్త దంపతులకి చెప్పేవాళ్ళు. ఆ మాట కూడా ఒక తాడై బిగిసింది.

ఆ సంవత్సరం ఫిబ్రవరి చివర్లో వారమంతా మంచు కురిసి, శనివారం రాత్రి ఆకాశం విచ్చుకుంది. ఆదివారం వాళ్ళిద్దరూ లాంటర్న్ కొండకి వెళ్ళారు. కూడా రావలసిన గ్వెన్ ప్రిచర్డ్ జలుబని ఆగిపోయింది.

లాంటర్న్ కొండకి చెట్లు కప్పిన వెన్ను ఒకటుంది. ఎక్కేది దాని మీదుగా. పైనుంచి ఎడమపక్క ఒక్క చెట్టు కూడా లేని పెద్ద వాలు దిగుతుంది. మావాళ్ళు దాన్ని దుప్పటి అంటారు. జారడానికి దాన్ని మించింది లేదు. అయితే దాని అడుగున ఇరుకు లోయ ఉంది. దుప్పటి కదిలితే దాని మీదున్నదంతా పోయి ఆ ఇరుకులో పడుతుంది.

సగం ఎక్కాక వాళ్ళ కాళ్ళ కింద మంచు ఒక్కసారిగా దిగి, లోపలెక్కడో బరువైన తలుపు మూసినట్టు చప్పుడయింది.

"విన్నావా?" అంది లూషా.

"విన్నాను. చెట్లలో ఇది మామూలే. పైన చూద్దాం."

పైన రోల్ఫ్ పారతో గుంట తవ్వి, మంచు పొరల్ని చేత్తో తట్టి చూశాడు. అడుగున పంచదార పలుకుల్లాంటి, పట్టులేని పొర ఒకటి ఉందని అతనే చెప్పాడు. కాసేపు ఆలోచించాడు. "అంత చెడ్డగా ఏం లేదు" అన్నాడు. పట్టీలు ఊడదీసి మడతపెట్టుకున్నాడు. "ముందు నేను వెళ్తాను. నేను కింద చేరి చెయ్యి ఊపాక నువ్వు రా."

"నేను రాను."

ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియదని తర్వాత చెప్పింది. తుమ్ములా వచ్చిందట.

"ఏంటి?"

"రాను అన్నాను. వచ్చిన దారినే చెట్లలోంచి దిగుతాను."

"బూటు నొక్కుతోందా?"

"లేదు."

"మరి?"

"రాను. అంతే."

రోల్ఫ్ తన చేతికర్ర మాట్లాడినట్టు చూశాడు. మా దగ్గర ఒక పద్ధతుంది. జట్టులో ఒక్కరు వద్దంటే అందరూ వెనక్కి తిరుగుతారు. ఆ పద్ధతి పిల్లలకి నేర్పేదే రోల్ఫ్. కానీ పద్దెనిమిదేళ్ళుగా వద్దనని మనిషి వద్దనేసరికి అది ఆ పద్ధతిలోకి వస్తుందని అతనికి తట్టలేదు.

"సరే. అలసినట్టున్నావు. చెట్లలోంచి మెల్లగా దిగు. కింద చెరువు దగ్గర కలుద్దాం. ఫ్లాస్కులో సూపంతా తాగేయకు."

అని జారాడు. ఒక మలుపు, రెండు మలుపులు. లూషా ఎప్పట్లాగే ఊపిరి బిగబట్టి చూస్తోంది. నాలుగో మలుపు దగ్గర వాలు మీద ఒక గీత పడింది. కాగితం చిరిగినట్టు ఆ గీత పైకి పాకి, ఆమె స్కీల ముందు కొద్ది దూరంలో ఆగింది. గీతకి కిందున్న సగం దుప్పటి కదిలింది. రోల్ఫ్ ఎర్ర కోటు ఒకసారి పైకి తేలింది, ఒకసారి మునిగింది. తర్వాత తెల్లటి పొగ. పొగ తగ్గాక వాలు మీద ఎవరూ లేరు.

అతన్ని పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక చెట్ల వెన్ను క్షేమం. అలా దిగితే అతని దగ్గరికి చేరడానికి గంట పడుతుంది. అప్పటికి చేరినా ఒకటే, చేరకపోయినా ఒకటే. ముందు మంచు లేచిపోయి గట్టి నేల బయటపడ్డ వాలు. దాని పక్కన, ఇంకా విరగని దుప్పటి రెండో సగం అలాగే వేలాడుతోంది. పద్దెనిమిదేళ్ళుగా కలలోకి వచ్చిన వాలు అచ్చంగా అదే.

లూషా బీకన్ తీసింది. మేమంతా ఛాతీకి కట్టుకునే చిన్న పెట్టె అది. ఒకరు పూడిపోతే రెండోవాళ్ళ పెట్టెకి జాడ చెబుతుంది. దాన్ని వెతుకులాటకి మార్చి, స్కీలు అడ్డంగా పెట్టి, గీసుకుంటూ గీసుకుంటూ ఆ గట్టి వాలు దిగింది. రెండో సగం వైపు చూడలేదు. నోట్లో ఏదో గొణుగుతూనే ఉంది. అది బాబా నేర్పిన కీర్తన అని సగం దిగాక తెలిసిందట.

అడుగున మంచు గడ్డలు రాళ్ళగుట్టలా పడున్నాయి. పెట్టె మొదట మూగగా ఉండి, తర్వాత పలికింది. బాణం గుర్తు వెంట మోకాళ్ళ మీద పాకింది. కూత ఎక్కువైన చోట పొడుగాటి కడ్డీ దింపింది. తగల్లేదు. పక్కన దింపింది. మూడోసారి కడ్డీ మెత్తగా ఆగింది.

తవ్వకం ఆమెకి కొత్త కాదు. అన్నేళ్ళూ శిక్షణలో తవ్వింది. ఆ మంచు మాత్రం సిమెంటులా బిగుసుకుంది. పారతో కోసి, వెనక్కి తోసి, మళ్ళీ కోసింది. ముందు టోపీ వచ్చింది, తర్వాత చెంప. చెంప రంగు బాగాలేదు. నోట్లో మంచు వేళ్ళతో లాగేసింది. కొంచెంసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత అతను దగ్గాడు.

కళ్ళు తెరిచి, ఆమెని పోల్చుకుని, రోల్ఫ్ అన్న మొదటి మాట: "చెట్లలోంచి దిగుతానన్నావుగా."

"నోరు మూసుకుని ఊపిరి పీల్చు" అంది లూషా.

నడుం దాకా తవ్వింది. అక్కడ్నుంచి కష్టమైంది. కుడికాలు మోకాలి కింద విరిగి, స్కీతో సహా గడ్డల కింద మెలితిరిగి ఉంది. ముట్టుకుంటే అతను కేక పెట్టాడు. చాలాసేపటికి స్కీ ఊడదీసి కాలు పైకి తేగలిగింది. కర్రలతో కట్టు కట్టింది. కానీ అతన్ని లాగడం ఆమె వల్ల కాలేదు. రెండు అడుగులు లాగేసరికి అతను స్పృహ తప్పాడు. ఇక లాగలేదు.

సాయం కోసం ఉపగ్రహ పరికరం మీట నొక్కింది. కాసేపటికి దాని తెర మీద జవాబు వచ్చింది: బయల్దేరుతున్నాం, కనుమ మీద మేఘం దిగింది, హెలికాప్టర్ ఆగవలసి వచ్చింది, ఉన్నచోట ఉండండి.

ఉన్నచోటు ఎలాంటిదో వాళ్ళిద్దరికీ తెలుసు. రెండు వైపులా గోడల్లాంటి గట్లు, మధ్య ఇరుకు. తలెత్తితే దుప్పటి రెండో సగం. దాని మీదికి ఎండ మెల్లగా తిరుగుతోంది, ఎండ తగిలితే మంచు వదులై జారుతుంది. మేఘం కనుమ మీద కూర్చుంది గానీ ఆ వాలు మీదికి రావడం లేదు.

"లూషా, నా మీద ఆ దుప్పటి కప్పి..." అని ఆగి, "మన దుప్పటి, సంచిలోది," అన్నాడు రోల్ఫ్. "అది కప్పి నువ్వు అటు చెట్ల కిందికి పో. ఇద్దరం ఇక్కడుండి ఏం లాభం?"

అతని కింద పరవడానికి కొమ్మలు కావాలి. మంచు మీద అలాగే పడుకుంటే చలికే పోతాడు. కొమ్మల కోసం ఆమె గట్టెక్కి చెట్లలోకి వెళ్ళింది.

ఇది లూషా ఊరందరికీ చెప్పింది కాదు. వంటింట్లో బీట్‌రూట్ కోస్తూ, కత్తి ఆపి, నాకు చెప్పింది. ఆ చెట్ల కింద నిలబడ్డాక ఆమె కాళ్ళు వెనక్కి రాలేదట. కొమ్మలు విరిచింది. చంక నిండా ఉన్నాయి. నాలుగు అడుగులు వేస్తే గట్టు, గట్టు దిగితే అతను. ఆ నాలుగు అడుగులు పడటం లేదు. అక్కడ్నుంచి అతను కనబడుతున్నాడు. ఆమె రావడం లేదని అతనికీ తెలుస్తోంది. అతను పిలవలేదు. మొహం అటు తిప్పుకున్నాడు.

"పిలిచి ఉంటే కోపం వచ్చేది, పోయేదాన్ని కాదేమో" అంది లూషా. "ఆ మొహం తిప్పుకోవడం చూశాక కాళ్ళు కదిలాయి."

కొమ్మలు పరిచి, అతన్ని వాటి మీదికి దొర్లించి, తనూ పక్కనే కూర్చుని వీపు ఆనించింది. అతను నిద్రలోకి జారకుండా మాట్లాడించాలి.

"వచ్చే ఏడాది ఇదే చోటికి వచ్చి నవ్వుకుందాం" అన్నాడు రోల్ఫ్.

"నేను రాను."

"ఇక్కడికి వద్దులే. వేరే కొండకి."

"ఏ కొండకీ రాను రోల్ఫ్. నాకిది ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు."

"ఎప్పుడూ అంటే?"

"మొదటి ఆదివారం నుంచి."

చలికి అతని పళ్ళు కొట్టుకుంటున్నాయి. "ఒక ఈస్టరు నాడు పైన ఎండ కాస్తే కోటు విప్పి కూర్చున్నాం. నువ్వు పాట పాడావు. అదీ ఇష్టం లేదా?"

"భయమేసినా పాడతాం మేము. పుట్టినప్పట్నుంచి అలవాటు."

"దేవుడా. నువ్వు ప్రతిసారీ పాడేదానివి."

"అవును."

"మరి ఎందుకు వచ్చావు?"

"నువ్వు వెళ్ళాక కిటికీ దగ్గర నిలబడటం కన్నా ఇది నయమని."

రోల్ఫ్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వీపుకి తగిలే కుదుపుని బట్టి తెలియలేదట. చివరికి అన్నాడు. "కొన్ని ఆదివారాలు నాకూ లేవబుద్ధి అయ్యేది కాదు. వారమంతా ఫెర్రీ మీద నిలబడి కాళ్ళు లాగేవి. కళ్ళు తెరిస్తే నువ్వు బూట్లు వేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉండేదానివి. నీ ఉత్సాహం ఎందుకు చెడగొట్టాలని లేచేవాణ్ణి."

లూషాకి అప్పుడు నవ్వొచ్చింది. కొండ కింద, విరగబోయే మంచు కింద, కాలు విరిగిన మొగుడి పక్కన కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసింది. నవ్వు ఆగిపోయింది. ఇక ఇద్దరూ వాలునే చూస్తూ కూర్చున్నారు. పైనుంచి చిన్న ముద్ద రాలినా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

ఎండ వాలు మీంచి తప్పుకుంటున్న వేళకి మేఘం లేచింది. హెలికాప్టర్ నుంచి తాడు మీద కెన్ మోరిషిటా దిగాడు. అతను మా రక్షణ దళం పెద్ద, మామూలు రోజుల్లో ఊళ్ళో ప్లంబరు. వచ్చీ రాగానే పైకి చూసి, "ఇక్కడ టీ పార్టీ ఏంటి మీకు?" అన్నాడు. ముందు రోల్ఫ్‌ని, తర్వాత లూషాని తీసుకెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నం దుప్పటి రెండో సగం కూడా వచ్చేసింది. వాళ్ళు కూర్చున్న చోటు ఇల్లంత ఎత్తున పూడిపోయింది. కెన్ ఆ సంగతి వృద్ధాశ్రమానికి వచ్చి లూషాకి చెప్పాడు. ఆమె విని, పొయ్యి మంట తగ్గించి, స్టూలు మీద కూర్చుంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఊరు ఊరుకుంటుందా? లూషా వీరనారి అయిపోయింది. వారపత్రిక మొదటి పేజీలో ఫొటో వచ్చింది. బేకరీలో కాఫీకి ఆమె దగ్గర డబ్బు తీసుకోవడం మానేశారు. మంచు చరియల శిక్షణకి వచ్చే ఆడవాళ్ళ జట్టుకి నువ్వే నాయకురాలివి అన్నారు. "వచ్చే ఆదివారం కొత్తవాళ్ళని తీసుకుని బయల్దేరదాం, నువ్వు ముందుంటే ధైర్యం" అని ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. ఇదివరకు ఒక్క రోల్ఫ్ వెనక నడిస్తే సరిపోయేది. ఇప్పుడు ఊరంతా ముందుండి నడవమంటోంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉందని నాతో అంది. చెప్పెయ్యవే అన్నాను. "ఎవరికి చెప్పను? ఒక్కొక్కరికీ చెబితే ఒక్కొక్కరూ ధైర్యం నూరిపోస్తున్నారు" అంది.

రక్షణ దళం ఏటా పెట్టే విందు ఏప్రిల్‌లో ఊరి హాల్లో జరిగింది. కెన్ ఆమెని వేదిక మీదికి పిలిచి శాలువా లాంటి పెద్ద కంబళి కప్పాడు. రెండు మాటలు చెప్పమన్నాడు. రోల్ఫ్ ముందు వరసలో కాలికి కట్టుతో, చంక కర్రలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

లూషా మైకు పట్టుకుంది. "కంబళి బాగుంది, థాంక్స్" అంది. ఆగింది. "నాకు ఆ కొండలంటే భయం. ఇవాళ కాదు, ఎప్పుడూ భయమే. ఏ ఒక్క ఆదివారం నాకు సంతోషంగా లేదు. ఆ రోజు వాలు దిగింది ధైర్యం ఉండి కాదు, ఇంకో దారి లేక. దయచేసి నన్ను మళ్ళీ పిలవకండి. నేను స్కీలు అమ్మేశాను."

హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, సరైన చోటు కాదేమోనని మానేశారు. ఆమె దిగి వచ్చి నా పక్కన కూర్చుని చల్లారిన బంగాళాదుంపలు తినడం మొదలుపెట్టింది.

తర్వాత రకరకాల మాటలు వచ్చాయి. మొగుడి పరువు తీసిందన్నారు కొందరు. గ్వెన్ ప్రిచర్డ్ మాత్రం మర్నాడు మా వంటింటి వెనక తలుపు దగ్గరికి వచ్చింది. ఊళ్ళో ఆమెని మించి జారేవాళ్ళు లేరు. "నాకు జలుబేమీ లేదు ఆ రోజు" అని లూషాతో అంది. "మంచు సంగతి విని భయపడ్డాను. భయమని చెప్పలేక జలుబన్నాను. చెప్పి ఉంటే మీరూ ఆగేవాళ్ళు." లూషా ఆమెని లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. గిన్నెలు తోముకున్నాను.

రోల్ఫ్ మాట్లాడటం మానేశాడు. నాలుగు రోజుల తర్వాత ఒక్క మాట అడిగాడట. "నాతో చెప్పావు, సరే. ఊరందరి ముందు ఎందుకు?"

"నీతో చెబితే అది మనింట్లోనే ఉండిపోయింది. ఊరు నన్ను వదల్లేదు" అంది లూషా.

కాలు అతుక్కుంది. వేసవి గడిచింది. మళ్ళీ మంచు పడేసరికి రోల్ఫ్, "నేనూ మానేశాను" అన్నాడు. లూషా మొదట సంతోషించింది. ఆ సంతోషం క్రిస్మస్ దాకా కూడా నిలవలేదు. ఆదివారం పొద్దున్నే లేచి, కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగేవాడు. వంటగదికి రంగు వేశాడు. నచ్చలేదని మళ్ళీ వేశాడు. ఆమె మసాలా డబ్బాలన్నీ వరస మార్చి పెట్టాడు. అవన్నీ అయ్యాక కిటికీ దగ్గర నిలబడి, మంచు మెరుస్తున్న కొండ కొసల్ని చూస్తూ ఉండేవాడు. ఒక్క మాట కూడా సాధించేవాడు కాదు. సాధిస్తే బాగుండునని లూషాకి అనిపించేది. ఇదివరకు ఆమె అతని వెనక కొండ మీద చిక్కుకుంది. ఇప్పుడు అతన్ని ఆమె ఇంట్లో బంధించింది. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలియదు.

ఆ ఇంట్లో ఉండలేక ఆమె ఆదివారం పని అడిగి మరీ వేయించుకుంది. రెండు వారాలకి రోల్ఫ్ కూడా వెనకే వచ్చాడు. ఊరికే కూర్చోలేక మా కత్తులన్నీ నూరాడు. ఎంత పదును పెట్టాడంటే ఆ వారం మాలో ముగ్గురికి వేళ్ళు తెగాయి.

లూషా ఇక పట్టలేకపోయింది. "వెళ్ళు రోల్ఫ్."

"ఎక్కడికి?"

"నీకు తెలుసు ఎక్కడికో."

"నువ్వు కిటికీ దగ్గర నిలబడాలి అప్పుడు."

"నిలబడను. ఇక్కడ పని చేసుకుంటాను. కానీ ఒకటి. జట్టులో ఎవరు వద్దన్నా, ఎందుకని అడక్కుండా అందరూ వెనక్కి రావాలి. వాళ్ళని చెట్లలోంచి పంపి నువ్వొక్కడివీ దిగడం కుదరదు."

రోల్ఫ్ కత్తి కింద పెట్టాడు. "ఆ రోజు నువ్వు వద్దన్నప్పుడు నేను ఆగాల్సింది" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా ఆ మాట రావడం అదే మొదటిసారి.

అతను మళ్ళీ వెళ్ళిన మొదటి ఆదివారం లూషా బోర్ష్, అదే వాళ్ళ బీట్‌రూట్ సూపు, చేస్తానని కూర్చుంది. వృద్ధాశ్రమానికి రెండు రోజులకి సరిపడా బీట్‌రూట్ కోసింది, ఇంకా కోస్తూనే ఉంది. చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. వీధిలో బండి చప్పుడైన ప్రతిసారీ కత్తి ఆగేది. నేను ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను. ఆమె ఒక్కటీ వినలేదు. అతను పొద్దుండగానే వచ్చి తలుపు తీసి తల లోపలికి పెట్టాడు. ఆమె, "కాళ్ళు దులుపుకో" అని మాత్రం అంది. తర్వాత సరుకుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆమె బయటికి వచ్చేదాకా మేమిద్దరం బంగాళాదుంపలు ఒలిచాం.

కొత్త సంవత్సరంలో ఒక ఆదివారం అతను మధ్యాహ్నానికే వచ్చేశాడు. స్కీల మీద మంచు కూడా సరిగా అంటలేదు.

"ఎవరు వద్దన్నారు?" అని అడిగింది లూషా.

"నేనే."

ఆమె గిన్నెలో బోర్ష్ పోసి, పైన మీగడ వేసి అతని ముందు పెట్టింది.

ఇప్పటికీ రోల్ఫ్ వెళ్తూనే ఉన్నాడు. లూషాకి భయం పోలేదు, పోతుందని ఆమె అనుకోవడమూ లేదు. ఆదివారం వంట పని అయ్యాక పెద్ద గదిలోకి వెళ్తుంది. నది అవతలి లోయ నుంచి వచ్చిన ముసలమ్మలు అక్కడ నలుగురున్నారు. వాళ్ళతో కూర్చుని కీర్తనలు ఎత్తుకుంటుంది. వాళ్ళలో ఒకావిడకి ఆమె పేరు కూడా గుర్తుండదు, పాట మాత్రం ఒక్క మాట తప్పదు. కారు చప్పుడైతే లూషా గొంతు కొంచెం తగ్గుతుంది. మిగతావాళ్ళు అందుకుంటారు.